ఇంట్లో వడ్రంగం – 4వ పాఠం: వానల్లో పట్టేసే తలుపు

పోయిన పాఠంలో చెక్కను పొరలుగా గీకే చిత్రికకు పదును పెట్టుకున్నాం కాబట్టి చేతులు దురద పెడుతుంటాయి. పైగా వానలు. ఇంట్లో ఏదో ఒక తలుపు పట్టేసే ఉంటుంది. అయినా చిత్రిక (తెలంగాణలో రందా అంటారు) ఇప్పుడే బయటికి తీయొద్దు. శ్రావణంలో తొందరపడి గీకిన తలుపుకు వైశాఖం వచ్చేసరికి బల్లి దూరేంత సందు మిగులుతుంది.

ముందు ఉబ్బు సంగతి చూద్దాం. తేమకు చెక్క వెడల్పులో ఉబ్బుతుంది, పొడవులో దాదాపు మారదు. నిలువు పలకలు బిగుతుగా పేర్చి వెనక అడ్డకమ్మీలు కొట్టిన పాతకాలం తలుపు 80 సెం.మీ. వెడల్పు ఉందనుకోండి. అది టేకే అయినా, చెక్కలో తేమ 4 శాతం పెరిగితే ఇంచుమించు 6 మి.మీ. పెరగొచ్చు. పానెల్ తలుపు అలా కాదు. దాని మధ్య పలకలు గాడిలో జిగురు లేకుండా వదులుగా ఉంటాయి, ఉబ్బితే గాడిలోకే ఉబ్బుతాయి. వెడల్పు పెంచేవి రెండు పక్కల నిలువు కమ్మీలే. రెండూ కలిపి 20 సెం.మీ. అనుకుంటే పెరిగేది 1.5 మి.మీ. అంతే. కాబట్టి పానెల్ తలుపు గట్టిగా పట్టేసిందంటే నేనైతే వాన కన్నా ముందు బందులను (తలుపు తిరిగే కీళ్లను) అనుమానిస్తాను.

ఇక పరీక్ష. తలుపు మూసి, న్యూస్‌పేపర్ ముక్కను తలుపుకీ ద్వారబంధానికీ మధ్య దూర్చి చుట్టూ జరపండి. ఆగిన ప్రతిచోటా పెన్సిల్ గీత పెట్టండి. గీతలు గడియ వైపు పొడవునా ఉంటే ఉబ్బే కారణం. పైన గడియ వైపు మూలలోనూ, కింద గడప దగ్గరా మాత్రమే ఉండి, పై బందు దగ్గర సందు ఎక్కువగా కనిపిస్తే తలుపు వాలిందన్నమాట. దానికి చిత్రికతో పనిలేదు.

వాలిన తలుపుకు పై బందు స్క్రూలు బిగించండి. ఊరికే తిరుగుతుంటే రంధ్రం అరిగిపోయింది. స్క్రూ తీసి, ఫెవికాల్ పూసిన వెదురు పుల్లలు రంధ్రం నిండా కొట్టి, ఆరాక పైకి మిగిలింది కోసేసి, సన్న డ్రిల్ బిట్‌తో దారి చేసి మళ్లీ బిగించండి. అప్పటికీ వాలు పోకపోతే కింది బందు వెనక పలుచని అట్టముక్క పెట్టండి. గడియ వైపు కాస్త పైకి లేస్తుంది. ఎక్కువ శాతం తలుపులు ఇక్కడితో దారికొస్తాయి.

నిజంగా ఉబ్బి కొద్దిగా రాసుకుంటుంటే, రాసుకునే చోట కొవ్వొత్తి రుద్ది వానాకాలం గడిపేయండి. అసలు మూతపడకపోతేనే చిత్రిక.

తలుపు దించేటప్పుడు ఇంకొకరు పట్టుకోవాలి. తలుపు కింద ఆపుగా ఏటవాలు చెక్కముక్కలు దూర్చి, స్క్రూలు కింది బందు నుంచి మొదలుపెట్టి పై బందువి చివర తీయండి. పెన్సిల్ గీతలున్న చోట పలుచని పొరలుగా, నార వాలిన దిక్కునే పట్టండి. ఎదురు పడితే చెక్క లేస్తుంది. పై అంచు తీయాల్సి వస్తే మూలల నుంచి మధ్యకు తోయండి, లేకపోతే చివర చీలుతుంది. ఫ్లష్ డోర్ (రెండు వైపులా ప్లైవుడ్ అంటించిన చదును తలుపు) అయితే అంచున ఉండే గట్టి చెక్క బద్దీ దాటి పోకూడదు. తలుపు వేసినప్పుడు తేలిగ్గా మూసుకుంటే చాలు, వేసవి సందు ఇప్పుడే పెట్టనక్కర్లేదు.

తీసిన అంచుకు రంగు గానీ వార్నిష్ గానీ వేయాలి, అయితే చెక్క ఆరాకే. తడి మీద వేస్తే పొక్కులు లేస్తాయి. అసలు దొంగ మాత్రం తలుపు కింది అంచు. కనపడదు కాబట్టి పెయింటర్ వదిలేస్తాడు. నిలువు కమ్మీల కొసలు అక్కడే తెరిచి ఉంటాయి, నీళ్లు అన్నిటికన్నా త్వరగా కొసల్లోంచే ఎక్కుతాయి. ఫోన్ కెమెరా కింద పెట్టి ఫొటో తీసి చూడండి.

అభ్యాసం: ఇంట్లో మూడు తలుపులకు కాగితం పరీక్ష చేసి, సందులు కొలిచి, పై అంచు మీద తేదీతో రాసిపెట్టండి. మే నెలలో మళ్లీ కొలిస్తే ఏ తలుపు ఎంత కదులుతుందో తెలుస్తుంది. వచ్చే పాఠంలో ఉలితో బందుకు గాడి తీద్దాం. దానికి అంగుళం ఉలి, కొయ్య సుత్తి, ఒక పనికిరాని టేకు ముక్క సిద్ధం చేసుకోండి.