అమెరికాలో రెటరిక్, కాంపోజిషన్ పీజీ చదవాలంటే ఎలా సిద్ధం కావాలి?

ఒక వక్త గానీ రచయిత గానీ ఎదుటివారిని ఒప్పించడానికి భాషను ఎలా వాడుకుంటారో పరిశీలించేది రెటరిక్. మనుషులు రాయడం ఎలా నేర్చుకుంటారో, దాన్ని ఎలా నేర్పాలో పరిశోధించేది కాంపోజిషన్. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఈ రెండూ కలిసి ఒకే రంగంగా స్థిరపడ్డాయి. దీన్ని సాహిత్య విమర్శలో ఒక శాఖగా భావించి దరఖాస్తు చేస్తే నిరాశ తప్పదు, ఎందుకంటే ఈ రంగం తరగతి గదిలోంచి పుట్టింది. హార్వర్డ్ 1885లో మొదటి ఏడాది విద్యార్థులందరికీ రచనా కోర్సును తప్పనిసరి చేసింది. అటువంటి కోర్సులు దేశమంతా వ్యాపించాక, వాటిని బోధించేవారి వేదికగా 1949లో కాలేజీ కాంపోజిషన్ అధ్యాపకుల మహాసభ (సీసీసీసీ) ఏర్పడింది. అందువల్ల ఇక్కడ చేరదలచినవారికి పాండిత్యంతో పాటు బోధన మీద నిజమైన ఆసక్తి ఉండాలి.

దరఖాస్తుకు కనీసం ఏడాది ముందే చదవడం మొదలుపెట్టండి. వక్త నడతపై నమ్మకం, శ్రోతల భావోద్వేగం, తర్కం అనే మూడు మార్గాల్లో ఒప్పించవచ్చని అరిస్టాటిల్ చేసిన వివరణతో ఆరంభించి, విషయాన్ని కనుగొనడం, క్రమంలో పెట్టడం, శైలి, ధారణ, పలికే తీరు అని రోమన్లు చేసిన అయిదు భాగాల విభజనకు రండి. అవధానం చూసిన తెలుగువారికి ధారణ సంగతి వేరే చెప్పనక్కరలేదు. వివిధ సంస్కృతుల వాక్ సంప్రదాయాలను పోల్చి చూసే ఉపశాఖ ఒకటి ఈ రంగంలో ఉంది కనుక, ఆ పరిచయాన్ని పరిశోధనాంశంగా మలచుకునే వీలు కూడా ఉంది.

చదివినదాన్ని వెంటనే వాడి చూడాలి. రోజూ ఒక పత్రికా సంపాదకీయాన్ని తీసుకుని, బ్రిటిష్ తత్వవేత్త స్టీఫెన్ టూల్మిన్ 1958లో ప్రతిపాదించిన పద్ధతిలో విడదీయండి. ఉదాహరణకు, చెరువు పూడిక తీయాలన్నది వాదన అనుకుందాం. వేసవికి ముందే బోర్లు ఎండిపోతున్నాయన్నది ఆధారం. చెరువులో నీరు నిలిస్తే భూగర్భ జలం పెరుగుతుందన్నది ఆ రెండింటినీ కలిపే నమ్మకం. రచయితలు చాలాసార్లు ఈ మూడోదాన్ని పైకి చెప్పకుండా పాఠకుడికే వదిలేస్తారు. అలా వదిలినదేమిటో, ఏ పాఠకులు దాన్ని అంగీకరిస్తారో, ఎవరు అంగీకరించరో రాయగలిగినప్పుడే విశ్లేషణ మొదలైనట్టు. అలంకారాల జాబితా ఇచ్చి ఊరుకుంటే అది విశ్లేషణ కాదు.

విశ్వవిద్యాలయాన్ని ర్యాంకు చూసి కాక, అక్కడి అధ్యాపకుల పరిశోధన చూసి ఎంచుకోండి. కార్నెగీ మెలన్‌లో రెటరిక్ ఇంగ్లీషు విభాగంలో భాగం. సిరక్యూస్‌లో రచనా అధ్యయనాలకు వేరే విభాగమే ఉంది. ఆ ఏడాది ప్రవేశాలు ఉన్నాయో లేదో విభాగాన్నే అడిగి నిర్ధారించుకోవాలి.

దరఖాస్తులో అన్నిటికన్నా ఎక్కువ శ్రమ పెట్టవలసినది రచనా నమూనా మీద. ఎంఏలో మంచి మార్కులు తెచ్చిన నవలా విమర్శను యథాతథంగా పంపకండి. ఒక ప్రసంగాన్నో, ప్రభుత్వ ప్రకటననో, మీరు బోధించిన తరగతిలోని రచనా సమస్యనో తీసుకుని కొత్తగా రాసి, ఇద్దరి చేత చదివించి, వారు ఎక్కడ ఆగిపోయారో అడిగి, ఆ భాగాలను తిరగరాయండి. రాత అనేది పూర్తయిన కాగితం మాత్రమే కాదని, ఆలోచన, చిత్తుప్రతి, సవరణ కలిసిన ప్రక్రియ అని ఈ రంగం 1970ల నుంచి గట్టిగా చెబుతోంది.

ఆర్థిక సాయం ఎక్కువగా బోధనా సహాయకుడి ఉద్యోగం రూపంలో వస్తుంది. ఫీజు మినహాయింపు, నెలవారీ భృతి ఇచ్చి, మొదటి ఏడాది విద్యార్థుల రచనా తరగతిని మీకే అప్పగిస్తారు. అందుకే ఇంగ్లీషు పరీక్షలో మాట్లాడే విభాగానికి అనేక విశ్వవిద్యాలయాలు ఎక్కువ స్కోరు అడుగుతాయి. రచనా తరగతిలో ఇరవై మందికి మించి ఉండకూడదని పైన చెప్పిన అధ్యాపకుల మహాసభ సిఫారసు చేస్తుంది కనుక, విభాగంతో మాట్లాడేటప్పుడు తరగతికి ఎంతమంది, ఒక సెమిస్టరుకు ఎన్ని తరగతులు, బోధనలో శిక్షణ ఎవరిస్తారు అన్న మూడు ప్రశ్నలూ తప్పక వేయండి.

చేరాక విద్యార్థుల వ్యాసాల్లో కనిపించే తప్పులన్నిటినీ ఎర్ర సిరాతో దిద్దకుండా, వాదన ఎక్కడ తెగిందో ఒకటి రెండు వ్యాఖ్యల్లో చెప్పి తిరగరాయించడం అలవాటు చేసుకోండి. ఆ వ్యాసాలే రేపు మీ పరిశోధనకు సామగ్రి కావచ్చు. అయితే వాటిని వాడుకునే ముందు విశ్వవిద్యాలయ పరిశోధన సమీక్షా మండలి అనుమతి, విద్యార్థుల లిఖితపూర్వక సమ్మతి తీసుకోవాలి.