భూకంపం ఫొటోల పాత ఆల్బమ్‌ను కాపీ తీసే ముందు జాగ్రత్తలు

1934 జనవరి 15 నాటి బీహార్-నేపాల్ భూకంపం ఆల్బమ్ అనుకోండి. అందులో ముంగేర్, ముజఫర్‌పూర్ శిథిలాల ఫొటోల పక్కనే గంగ ఒడ్డు, గుళ్లు, బజార్ల ఫొటోలూ ఉంటాయి. తెరిచే ముందు:

- చేతులు కడుక్కుని బాగా ఆరనివ్వండి. ఫొటోని తాకాల్సి వస్తే నైట్రైల్ (సన్నటి సింథటిక్ రబ్బరు) గ్లవ్స్. నూలువి వద్దు, పెళుసు అంచుకి దారం తగులుకుని ముక్క ఊడొస్తుంది.
- టేబుల్ మీద నీళ్లు, టీ, పెన్నులు ఉండకూడదు. పెన్సిల్ చాలు.
- ఆల్బమ్‌ను పూర్తిగా పరచొద్దు. రెండు అట్టల కింద ఫోమ్ పెట్టి సగమే తెరవండి. స్కానర్ మూతతో నొక్కితే వెన్ను విరుగుతుంది, పైనుంచి కెమెరాతో తీయడమే మేలు. లైట్లు రెండు వైపులా 45 డిగ్రీల్లో.
- అతుక్కున్న ఫొటోని పీకొద్దు. నల్ల పేజీ మీది తెల్ల సిరా రాతల్ని తడిగుడ్డతో తుడవొద్దు.
- ముందు పేజీ మొత్తం ఒక షాట్, తర్వాతే విడి ఫొటోలు. వరుస తప్పితే ఏ రాత ఏ ఫొటోదో తేలదు.

అసలు చిక్కంతా బీటల దగ్గరే. అది గోడ బీటా, ఫొటో బీటా? పక్కనుంచి టార్చి వేయండి. ఫొటో పూత చిట్లితే అంచు లేచి సన్నటి నీడ పడుతుంది; గోడదైతే ఫొటో పైన నున్నగానే ఉంటుంది. గీతలు చెరిపే ఆటోమేటిక్ సెట్టింగ్ ఆపేయండి, లేకపోతే కూలిన ఇంటికి సాఫ్ట్‌వేరే మరమ్మతు చేసేస్తుంది!

వెనక కవర్లో నెగటివ్‌లుంటే అవి నైట్రేట్ ఫిల్మ్ కావొచ్చు. దానికి ఇట్టే నిప్పంటుకుంటుంది, వేడి లైట్లకి దూరంగా విడిగా పెట్టండి.