ఇంటి మరమ్మతులు, 4వ పాఠం: అటక మెట్ల తాడు

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళకి అటకంటే బొమ్మల కొలువు పెట్టెలు, ఖాళీ సూట్‌కేసులు. ఏడాదికి రెండు మూడుసార్లు తప్ప దాని ఊసే ఎత్తం. తీరా దసరా ముందు రోజు, మడత మెట్లున్న సీలింగు తలుపుని దించడానికి దాని కన్నంలోంచి వేలాడే తాడు లాగితే అది చేతికి ఊడొస్తుంది, మెట్లు మాత్రం పైనే ఉంటాయి.

పోయిన పాఠంలో తలుపు బందులు బిగించిన స్క్రూడ్రైవరే ఇవాళా కావాలి. దాంతోపాటు స్పానర్లు, ప్లయర్స్, వెడల్పాటి పుట్టీ కత్తి, స్టెప్ ల్యాడర్, 3/16 అంగుళాల అల్లిక నైలాన్ తాడు, వాషరు, లైటరు దగ్గర పెట్టుకోండి. టెక్సాస్ లాంటి చోట ఎండాకాలమైతే పొద్దున్నే మొదలుపెట్టండి. మధ్యాహ్నం అటకలో నిలవలేం.

తెగిన ముక్క పారెయ్యకండి, ముందు దాన్ని చూడండి. కన్నం దగ్గర పీచులు లేచి తెగితే చెక్క అంచు కోసేసిందన్నమాట. ముడితో సహా మొత్తం కిందకి జారొస్తే పైన వాషరు లేదు, లేదా కన్నం పెద్దదైంది. నడిమధ్యలో పుటుక్కున తెగితే మాత్రం తాడు పాతదై ఉండాలి, లేదంటే తలుపు పట్టేస్తుంటే మీరు బలంగా గుంజుతూ వచ్చి ఉండాలి. పట్టేసే తలుపుకి ఎంత మంచి తాడు కట్టినా అదే గతి.

తాడు లేకుండా తలుపు దించాలంటే కన్నం ఉన్న వైపు అంచు సందులో పుట్టీ కత్తి దూర్చి, వేళ్ళు పట్టేంత కిందికి తియ్యాలి. స్టెప్ ల్యాడర్ పక్కకి వేసుకోండి. సరిగ్గా తలుపు కింద నిలబడితే మెట్లన్నీ నెత్తిమీదికే వస్తాయి. పూర్తిగా దించి, మడతలు విప్పి, కాళ్ళు నేలకి ఆనించండి.

ఇప్పుడు తాడు కొస లైటరు మంట అంచున పెట్టండి. నైలాన్ కరిగి చిన్న గుండులా ముద్దకడుతుంది, పీచులు విడిపోవు. చల్లారేదాకా వేలితో నొక్కొద్దు, చర్మానికి అంటుకుని బొబ్బలెక్కుతుంది. ఆ కొసని గదివైపు నుంచి కన్నంలోకి ఎక్కించి, పై వైపున వాషరు తొడిగి, ఎనిమిది అంకె ముడి వెయ్యండి. ప్లయర్స్‌తో పట్టి గట్టిగా బిగించండి. ముడి వాషరు కన్నంలోంచి దూరకూడదు, అసలు కిటుకంతా ఇదే. వాషరు లేకపోతే లాగిన బరువంతా పల్చటి ప్లైవుడ్ మీద ఒకే చోట పడుతుంది. కింది కొస పెద్దవాళ్ళకి అందాలి, చిన్నపిల్లలకి అందకూడదు.

మెట్లు దిగే ఉన్నాయి కాబట్టి మిగతావీ చూసేద్దాం. మూడు ముక్కలూ ఒకే గీతలో ఉండి, కీళ్ళ దగ్గర సందు లేకుండా ఆనాలి. సందుంటే బరువు బందుల బోల్టుల మీద పడుతుంది. వదులైన నట్లు, మెట్ల కింది ఇనుప కడ్డీల నట్లు బిగించండి. తర్వాత చట్రాన్ని పై దూలాలకి ఏం పెట్టి బిగించారో చూడండి. తయారీదారులు సాధారణంగా అడిగేది మూడున్నర అంగుళాల 16డి (అది మేకు సైజు పేరు) మేకులో, పావు అంగుళం లావు, మూడంగుళాల పొడవున్న ల్యాగ్ స్క్రూలో (చెక్కలోకి దిగే లావుపాటి స్క్రూలు). నల్లటి సన్న డ్రైవాల్ స్క్రూలు కనిపిస్తే అవి మార్చేదాకా ఎవరినీ ఎక్కనివ్వద్దు. అవి పెళుసు, బరువు పడితే వంగవు, పుటుక్కున విరుగుతాయి. లేబుల్ మీద 250 పౌండ్లు అని ఉంటే అది మనిషీ, చేతిలో పెట్టే కలిపి, అంటే సుమారు 113 కిలోలు.

తలుపుని పైకి లాగి పట్టే రెండు స్ప్రింగుల జోలికి మాత్రం మీరు వెళ్ళకండి. తలుపు దించి ఉన్నప్పుడే అవి పూర్తిగా సాగి ఉంటాయి, ఆ స్థితిలో కొక్కెం ఊడదీస్తే చెయ్యి విరుగుతుంది. ఒకటి సాగిపోయినా, విరిగినా పనివాణ్ణి పిలిచి రెండూ ఒకేసారి మార్పించండి. ఒకటే మారిస్తే తలుపు ఒక పక్కకి లాగుతుంది.

వచ్చే పాఠం తలుపు అంచుకి ఫోమ్ టేపు వెయ్యడం. ఈలోపు ఒక రాత్రి అటకలో లైటు వేసి, తలుపు మూసి, కింద దీపాలు ఆర్పండి. వెలుతురు ఏ సందుల్లోంచి వస్తోందో అక్కడల్లా పెన్సిల్‌తో గీత పెట్టి ఉంచండి.