పాత డీజిల్ ఇంజిన్‌కి వీజీటీ బిగించే ముందు

ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ వీజీటీ (లోపలి రెక్కల కోణం మారుతూ ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో) చవగ్గా దొరికిందని వెంటనే బిగించేయకండి.

– వ్యాక్యూమ్‌తో పనిచేసే రకమైతే యాక్యుయేటర్ రాడ్‌ని (వేన్లని, అంటే ఆ రెక్కల్ని, తిప్పే కడ్డీని) చేత్తో కదిపి చూడండి. మసి పట్టి వేన్లు మూసుకున్న చోటే ఇరుక్కుపోతే బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) అదుపు తప్పి టర్బోతో పాటు ఇంజిన్ కూడా పోవచ్చు.

– మెకానికల్ పంపు ఇంజిన్‌కి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ఉండదు కదా, మరి వేన్లని ఎవరు తిప్పుతారు? కంట్రోలర్ సంగతి తేలాకే డబ్బు కట్టండి.

– టర్బో నుంచి వచ్చే ఆయిల్ రిటర్న్ పైపు లావుగా, మెలికల్లేకుండా కిందికి దిగాలి. అక్కడ సిలికాన్ గమ్ పూయొద్దు. నేను పూశాను, అది ఊడి దారికి అడ్డం పడి సైలెన్సర్ నిండా నీలం పొగ, టర్బో పోయిందేమోనని రెండు రోజులు ఒకటే టెన్షన్.

– ఆయిల్, ఫిల్టర్ కొత్తవి.

– డీజిల్ ఆపేసి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టాకే స్టార్ట్ చేయండి.