దీపావళి వానలకు ముందే వెనక సెన్సర్లు చూసుకోండి

చెన్నైలో అసలు వానలు అక్టోబరు మధ్యలో మొదలై డిసెంబరు దాకా ఉంటాయి. ఆ లోపు అందరూ వైపర్లు, టైర్లు, బ్యాటరీ చూపించుకుంటారు. కారు వెనక్కి తీసేటప్పుడు అడ్డం ఏదైనా ఉంటే కూసే, వెనక బంపర్‌లో రూపాయి బిళ్లంత ఉండే పార్కింగ్ సెన్సర్ల జోలికి ఎవరూ పోరు. వాన, చీకటి, ఆవిరి పట్టిన వెనక అద్దం, ఈ మూడూ కలిసిన రాత్రి మనం నమ్ముకునేది వాటి కూతనే కదా. అందుకే ఒక ఆదివారం పొద్దున అరగంట వాటికి కేటాయించండి.

అదే పనిగా కూసే సెన్సర్ చిరాకు పెడుతుంది, అంతే. పలకాల్సిన చోట పలకని సెన్సర్‌తోనే ప్రమాదం. పోయినేడు మా కారు బంపర్‌కు రంగు వేయించాం. షెడ్డువాళ్లు సెన్సర్ల మీద కూడా మందంగా కొట్టేశారు. ఎడమవైపు రెండూ పనిచేయడం మానేశాయి. మిగతా రెండూ మామూలుగా కూస్తుండడంతో నాకు తెలియలేదు. మా అపార్ట్‌మెంటు కింద స్తంభాల మధ్య ఉండే స్టిల్ట్ పార్కింగులో వాచ్‌మన్ కూతురి సైకిలు ఎడమవైపు నిలబెట్టి ఉంది. దాని మీదికి ఎక్కించేశాను. పాప అప్పుడే లోపలికి వెళ్లింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఈ సెన్సర్ సుమారు 40 కిలోహెర్ట్జ్ శబ్దాన్ని వదులుతుంది. మన చెవికి 20 దాటితే వినబడదు. ఆ శబ్దం అడ్డానికి తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్క కడుతుంది. మీటరు దూరంలో గోడ ఉంటే పోయి రావడానికి దాదాపు 6 మిల్లీసెకన్లు. బురద, మందపాటి రంగు, ముఖం మీద నిలిచిన నీటిబొట్టు, ఏదైనా సరే ఈ లెక్కను చెడగొడుతుంది. కాబట్టి ముందు తడిగుడ్డతో మెత్తగా తుడవండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోవచ్చు.

తర్వాత పరీక్ష. కారు చదునైన చోట ఉండాలి, చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెట్టాలి. హ్యాండ్‌బ్రేక్ వేస్తే కొన్ని కార్లలో సెన్సర్లు పలకవు, అందుకే ఇటుకలు తప్పనిసరి. ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి రివర్స్ గేరు వేయండి. ఆటోమేటిక్ అయితే ఒకరు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కి పట్టాలి. ఇంకొకరు పక్కనుంచి చెయ్యి చాచి ఒక్కో సెన్సర్ మీద వేలు ఆనించాలి. బతికున్నదైతే సన్నగా టిక్ టిక్‌మని కొట్టుకుంటుంది. వేలికి ఏమీ తగలకపోతే అనుమానించాలి. ఆ తర్వాత ఒక ప్లాస్టిక్ స్టూలును నాలుగు చోట్లా మీటరు దూరం నుంచి దగ్గరికి జరపండి, ప్రతిచోటా కూత వేగం పెరగాలి. రివర్స్ వేయగానే ఒకే పొడవాటి కూత వచ్చి ఆగిపోతే, కొన్ని కార్లలో అది లోపానికి గుర్తు. మీ కారు పుస్తకంలో చూసుకోండి.

2019 జూలై 1 తర్వాత తయారైన కార్లకు వెనక సెన్సర్లు కంపెనీ నుంచే వస్తాయి. అంతకు ముందువాటికి, చెన్నైలో కారు విడిభాగాల దుకాణాలుండే జి.పి. రోడ్డులో పెట్టించుకున్నవాళ్లు చాలామంది. అలాంటివాటిలో తీగలన్నీ డిక్కీలో ఉన్న చిన్న పెట్టెకు వస్తాయి. పలకని సెన్సర్ ప్లగ్గును, పలికేదాని ప్లగ్గును తారుమారు చేయండి. అయినా అదే సెన్సర్ మూగగా ఉంటే దానిదో దాని తీగదో తప్పు. అది పలికి, మొదట పలికినది ఇప్పుడు మూగబోతే తప్పు పెట్టెది. నాలుగూ పలకకపోతే ముందు రివర్స్ లైటు వెలుగుతుందో లేదో చూడండి, చాలావాటికి కరెంటు ఆ తీగ నుంచే వస్తుంది. ప్లగ్గులో పచ్చని చిలుము కనబడితే నీరు దిగిందని అర్థం, దాన్ని ఈ వానకు ముందే మార్పించండి. కంపెనీ సెన్సర్లయితే బంపర్ విప్పాలి, ఆ పని మెకానిక్‌కు వదిలేయడం మేలు.

వాన రోజుల్లో వాటర్ సర్వీసుకు ఇస్తే, ప్రెషర్ గొట్టాన్ని సెన్సర్ల మీద దగ్గరగా పట్టవద్దని పక్కన నిలబడి చెప్పండి.

అన్నీ సరిగ్గా పలికినా సన్నటి కడ్డీ, వేలాడే గొలుసు, బంపర్ కంటే కిందున్న గట్టు, వంగి కూర్చున్న పిల్లవాడు వాటికి అందకపోవచ్చు. నీళ్లు నిలిచిన గుంతను అవి చూడలేవు. జోరువానలో వెనక్కి తీయాల్సి వస్తే ఒకరిని దింపండి. ఆ మనిషి కారు వెనక కాకుండా, మీ అద్దంలో కనబడేలా పక్కన నిలబడాలి. అద్దంలో కనబడకుండా పోతే వెంటనే బ్రేకు వేయండి.