బెంగళూరు మిద్దెతోటలో ఉర్లగడ్డ: రకాన్ని బట్టి సాగు

రాత్రిళ్లు చల్లబడకపోతే ఉర్లగడ్డ మొక్క ఏపుగా పెరుగుతుంది కానీ గడ్డ ఊరదు. రాత్రి 20 డిగ్రీల లోపు ఉండాలి. కాబట్టి బెంగళూరులో అక్టోబరు చివరి నుంచి నవంబరు నెలాఖరులోపు నాటేయాలి. సంక్రాంతి దాటాక నాటితే మార్చి ఎండలకు చిక్కుతుంది.

కుఫ్రి చంద్రముఖి రకం 75–80 రోజుల్లో చేతికొస్తుంది, కానీ లేట్ బ్లైట్ తెగులుకు తట్టుకోదు. కుఫ్రి జ్యోతి, ఎర్రతొక్క లాలిమ, నీలకంఠ 90–100 రోజులు తీసుకుంటాయి. నీలకంఠకు తొక్కే ఊదా రంగు, లోపల పసుపే. తవ్వే తేదీలు వేరు కాబట్టి ఒక సంచిలో ఒకే రకం వేసి, పేరూ తేదీ రాసిపెట్టండి.

కూరగాయల అంగడి గడ్డలకు కొన్నిసార్లు మొలక రాకుండా మందు కొడతారు. విత్తన గడ్డలే కొనండి. కోడిగుడ్డంత, 40–50 గ్రాములవి మేలు. గుడ్ల ట్రేలో కళ్లు (మొలకలొచ్చే గుంటలు) పైకి పెట్టి, నేరుగా ఎండ పడని వెలుతురులో రెండు మూడు వారాలు ఉంచితే అర అంగుళం లావుపాటి మొలకలు వస్తాయి. చీకట్లో పెడితే తెల్లగా సాగి, ముట్టుకుంటే విరుగుతాయి. పెద్ద గడ్డను కోస్తే ముక్కకు రెండు కళ్లుండాలి. బూడిద అద్ది రెండు రోజులు నీడలో ఆరనివ్వాలి, లేకుంటే మట్టిలో కుళ్లుతుంది.

ఇక్కడి ఎర్రమట్టి ఒక్కటే వేస్తే బిగుసుకుపోతుంది. మట్టి, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు సమపాళ్లలో, రెండు గుప్పిళ్ల వేపపిండితో కలపండి. 15 అంగుళాల సంచిని సగమే నింపి, 4 అంగుళాల లోతున రెండు గడ్డలు పెట్టండి. యూరియా వద్దు, ఆకే వస్తుంది.

మొక్క జానెడు కాగానే పై ఆకులు మాత్రం వదిలి మట్టి ఎగదోయాలి, పదిహేను రోజులకు మరోసారి. మట్టి ఎంత పోస్తే అన్ని గడ్డలనుకోవద్దు. ఈ రకాలు కాండం పొడవునా ఊరవు. ఎగదోసేది వెలుతురు తగలకుండా. తగిలితే గడ్డ పచ్చబడి సోలనిన్ అనే విషం చేరుతుంది, అది తినకూడదు.

మట్టి రెండు అంగుళాల లోతున ఆరితేనే నీళ్లు. ఎండగట్టి ఒక్కసారిగా పోస్తే గడ్డలు పగులుతాయి. మబ్బు, మంచు పట్టిన రోజుల్లో పొద్దున్నే ఆకు తిప్పి చూడండి: నల్లటి తడి మచ్చ, అడుగున తెల్లని బూజు కనిపిస్తే లేట్ బ్లైట్. ఆ ఆకులు తీసి బయట పారేయండి, కంపోస్టులో వేయొద్దు. టమాటాకూ ఇదే తెగులు, కుండీలు దూరంగా పెట్టండి.

ఆకులు పసుపు తిరిగాక నీళ్లు ఆపి, కాండం నేలమట్టానికి కోసి పది రోజులాగండి. ఒక గడ్డ తీసి బొటనవేలితో గట్టిగా రుద్దండి. తొక్క ఊడకపోతే తవ్వొచ్చు, ఊడితే ఇంకో నాలుగు రోజులు.