సాంబా షేర్ పాఠం 4: 777 కొట్టినా సేవ్ అవ్వట్లేదా?

ఈసారి బ్యాకప్ గురించి చెప్దామనుకున్నా గానీ, పోయిన పాఠం చదివి సగంమంది సాంబా (లైనక్స్ సర్వర్‌లోని ఫోల్డర్‌ని విండోస్, మ్యాక్‌లకి పంచే ప్రోగ్రామ్) షేర్ ఫోల్డర్‌కి 777 (అందరికీ అన్నీ చేసే పర్మిషన్) కొట్టేశారు, కొట్టాక కూడా పక్కసీటు వాళ్ల ఎక్సెల్ ఫైల్ రీడ్-ఓన్లీగానే తెరుచుకుంటోందని మళ్లీ నా మీదే పడ్డారు. ఇది తేలాకే ముందుకి. 4, 2, 1 లెక్క (చదవడం 4, రాయడం 2, నడపడం 1; చివరి మూడంకెలు వరసగా ఓనర్, గ్రూప్, మిగతావాళ్లు) ఇంతకన్నా మళ్లీ చెప్పను, వచ్చనుకుంటున్నా.

మీరు 777 కొట్టింది అప్పటికి ఉన్నవాటి మీద. తర్వాత విండోస్ నుంచి సేవ్ చేసే కొత్త ఫైల్‌కి ఫోల్డర్‌ని చూసి పర్మిషన్ రాదు. సాంబాలో క్రియేట్ మాస్క్ అని ఒక సెట్టింగుంది, కొత్త ఫైల్‌కి మించకూడని పర్మిషన్ అది, మనం ఏమీ రాయకపోతే అది 0744. అంటే సేవ్ చేసినవాళ్లే రాయగలరు, మిగతావాళ్లు చదువుకోవడమే. అసలు తిక్క ఇక్కడుంది: ఫైల్ మార్చాలంటే ఫైల్ మీద రైట్ కావాలి, డిలీట్ చేయడానికి మాత్రం ఫోల్డర్ మీద రైట్ ఉంటే చాలు, మరి మీ ఫోల్డరేమో 777! జీతాల షీట్‌లో ఒక్క అంకె మార్చలేని మనిషి షీట్ మొత్తం లేపేయగలడు. నా దగ్గర 777 మాట మళ్లీ ఎత్తొద్దు.

అకౌంట్స్ వాళ్లందర్నీ ఒక గ్రూప్‌లో వేయండి. యూజర్‌మాడ్ (యూజర్‌ని గ్రూప్‌లో చేర్చే కమాండ్)లో పెద్ద జీ (-G)తో పాటు చిన్న ఏ (-a) కూడా పెట్టాలి, మర్చిపోతే సుడో (అడ్మిన్ హక్కులిచ్చే గ్రూప్)తో సహా పాత గ్రూపులన్నీ ఊడిపోతాయి. ఫోల్డర్లు, ఫైళ్లు రెండింటి గ్రూప్ మార్చి, ఫోల్డర్లకి 2770, ఫైళ్లకి 660, ఫైండ్ కమాండ్‌తో విడివిడిగా. ముందున్న ఆ 2 వల్ల లోపల పుట్టే ప్రతిదీ ఫోల్డర్ గ్రూప్‌నే తీసుకుంటుంది. సాంబా కాన్ఫిగ్‌లో క్రియేట్ మాస్క్ 0660, డైరెక్టరీ మాస్క్ (కొత్త ఫోల్డర్లకి అలాంటిదే) 2770 రాసి, టెస్ట్‌పార్మ్ (కాన్ఫిగ్‌లో తప్పులు చూపే కమాండ్) ఒకసారి నడపండి.

ఎవరు సేవ్ చేసినా ఒకే గ్రూప్ వేసే ఫోర్స్ గ్రూప్ అనే సాంబా సెట్టింగ్ కూడా ఉంది గానీ నాకు నచ్చదు, ఎస్ఎస్‌హెచ్‌లో (సర్వర్‌లోకి నేరుగా లాగిన్ అయి) వచ్చేవాళ్లకి సాంబా కాన్ఫిగ్‌తో పనే లేదు కదా. వాళ్లకి యూమాస్క్ (కొత్త ఫైల్ నుంచి తీసేసే పర్మిషన్లు) 002 ఉండాలి, 022 ఉంటే ఫైల్ 644తో పుడుతుంది, కథ మళ్లీ మొదటికే. ఎంవీ (జరిపే కమాండ్)తో తెచ్చిన ఫైల్ పాత గ్రూప్‌తోనే వస్తుంది, సీపీ (కాపీ కమాండ్) వాడండి. మ్యాక్‌ల కోసం సాంబాలో ఫ్రూట్ మాడ్యూల్ పెట్టుంటే అందులో ఎన్ఎఫ్ఎస్ ఏసెస్ (fruit:nfs_aces) సెట్టింగ్‌ని నో చేయండి, లేకపోతే మ్యాక్ తనే ఫైల్ పర్మిషన్ మార్చేస్తుంది.

హోంవర్క్: విండోస్, మ్యాక్, ఎస్ఎస్‌హెచ్ నుంచి తలా ఒక ఫైల్ చేసి, ఒక్కోదాన్నీ మిగతా రెండు చోట్ల నుంచి ఎడిట్, రీనేమ్, డిలీట్ చేసి చూడండి, మొత్తం 18 జవాబులు ముందే కాగితం మీద రాసుకోవాలి. ఎక్సెల్‌లో వేరేవాళ్లు సేవ్ కొట్టాక ఫైల్ ఓనర్ ఎందుకు మారిందో కూడా కనిపెట్టండి, అది నేను చెప్పను.